ఊరు కట్టే ఆటలో ఇంటి లోపల వెలుతురు ముందా, ఆట స్పీడు ముందా?

పెన్నాగట్టు (నెల్లూరు):
మనం ఆడే ఊరి ఆటకి తర్వాతి అప్‌డేట్‌లో ఏం కావాలో ఆట తయారుచేసేవాళ్లు చెప్పమన్నారు. నా ఓటు ఇంటి లోపలికే. బయట నుంచి చూస్తే ఊరు ఎంతో అందంగా ఉంటుంది. గడప దాటితే మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. గది మధ్యలో పొయ్యి, దాని చుట్టూ కాస్త ఎర్రటి వెలుగు, అంతే. దీపం మనకు నచ్చినచోట పెట్టుకోలేం, కిటికీ ఏ గోడకు ఉండాలో మనం చెప్పలేం. వడ్రంగి ఇల్లు, చేపలు పట్టేవాడి ఇల్లు లోపల అచ్చం ఒకేలా ఉంటాయి. ఎన్ని ఇళ్లు కట్టినా కట్టిన ఇల్లే మళ్లీ కట్టినట్టుంది. ఆట ఐరోపా పల్లెది కాబట్టి ఉట్టి, దండెం పెట్టమని అడగడం లేదు. గోడకు ఒక అర, దూలానికి వేలాడే దీపం, కింద చాప, ఇంతే అడుగుతున్నా. వద్దనేవాళ్లు కారణం చెప్పండి.

కనిగిరి కుర్రాడు:
నేను వద్దంటానన్నా. నాది పాత ల్యాప్‌టాప్. ఊళ్లో జనం పెరిగేకొద్దీ ఆట నత్తనడక నడుస్తోంది. దీపం అంటే మీకు అందం, మా గ్రాఫిక్స్ కార్డుకి (తెర మీద బొమ్మ గీసే భాగానికి) పెద్ద పని. చుట్టూ వెలుగు పంచే ఒక్క దీపానికి సరైన నీడలు పడాలంటే దాని ఆరు వైపులా ఉన్న దృశ్యాన్ని మళ్లీ గీయాలి. సెకనుకి 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు, రావాలంటే ఒక్కో ఫ్రేముకి దక్కేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ఇంటికి మూడు దీపాలు పెడితే ఊరంతా ఎన్నవుతాయో లెక్కేసుకోండి. ముందే లెక్కగట్టి అతికించిన వెలుగు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే గోడ ఎక్కడ లేస్తుందో ఆడేవాడి ఇష్టం. పైగా మన జనం ఇంకా బావి దగ్గర ఒకరికొకరు అడ్డుపడి ఇరుక్కుపోతున్నారు. అది బాగుచేయకుండా కర్టెన్లు ఎందుకు?

సముద్రపుగాలి (కావలి):
గడులు పేర్చి కట్టే మైన్‌క్రాఫ్ట్ ఆటలో వేల టార్చ్‌లు పెట్టినా నడుస్తుంది కదా బ్రో!

కనిగిరి కుర్రాడు:
అక్కడ లెక్క వేరు. టార్చ్ వెలుగు 14. ఒక్కో గడి దూరం వెళ్లేకొద్దీ ఒకటి తగ్గుతుంది. ఆ అంకె గడిగడికీ రాసిపెట్టి ఉంటుంది, గోడో టార్చో మారినప్పుడే మళ్లీ లెక్క కడుతుంది. ఆ టార్చ్ పక్కన నిలబడితే నీ నీడ గోడ మీద కదలదు, చూశావా?

పెన్నాగట్టు:
తమ్ముడు చెప్పిన లెక్క నిజమే. కానీ ఊళ్లో దీపాలన్నీ ఒకేసారి నీడలు వేయాలని ఎవరడిగారు? మనం ఏ ఇంట్లో ఉన్నామో ఆ ఇంటి దీపాలు నీడలు వేస్తే చాలు. మిగతా ఇళ్ల కిటికీలు మెరిసే రంగు పూసినట్టు ఉంటే సరిపోతుంది. నీడ లేని దీపంతో ఒక చిక్కుంది, వెలుగు గోడలోంచి దూరి పక్కింటి నేల మీద పడుతుంది. దానికీ ఇదే మందు, మనం లేని ఇంటి దీపాన్ని ఆపేయడమే. సెట్టింగుల్లో ఒక మీట ఇస్తే పాత ల్యాప్‌టాప్‌లవాళ్లు మొత్తం తీసేసుకుంటారు.

అసలు నా బాధ అందం గురించి కాదు. మైన్‌క్రాఫ్ట్‌లో ఎక్కడ చీకటి ఉందో అక్కడ రాక్షసులు పుడతారు, కాబట్టి టార్చ్ ఎక్కడ పెట్టాలన్నది ప్రాణం మీది ప్రశ్న. 2021లో వచ్చిన వాల్‌హైమ్ అనే ఆటలో ఇంట్లో మంట వేస్తే పొగ పోయే దారి మనమే వదలాలి, లేకపోతే ఆ పొగకే చచ్చిపోతాం. తివాచీ, కుర్చీ పెడితే సుఖం పెరిగి, ఆ విశ్రాంతి బలం ఎక్కువసేపు నిలుస్తుంది. వాటిలో వెలుగూ సామానూ ఆటలో భాగం. మన ఆటలో నేతగత్తె కటిక చీకట్లో కూర్చుని రోజుకి అంతే బట్ట నేస్తుంది!

పాత నెల్లూరు జిల్లా వెంకటగిరిలో గుంట మగ్గం చూసినవాళ్లకి ఇది మింగుడుపడదు. అంత సన్నటి నూలు, తెగిన పోగు కంటికి కనిపించాలి కదా. మగ్గం మీద వెలుతురు పడాల్సిందే. కిటికీ ఎటు పెట్టామన్న దాన్ని బట్టి పని మారితే, ఇల్లు కట్టడానికి అప్పుడు ఆలోచించాల్సి వస్తుంది.

ఉదయగిరి కొయ్య:
అక్కడితో ఆపొద్దన్నా. అలంకరణ అంతా మనమే పెట్టాలంటే నాలుగు ఇళ్లకే విసుగొస్తుంది. ఉండేవాళ్ల పని ఇంట్లో కనబడాలి. చేపలవాడి దూలానికి వల వేలాడాలి, వడ్రంగి మూల రంపంపొట్టు పడాలి. మా అమ్మమ్మ వాళ్ల మట్టి మిద్దెలో గోడకు దీపపు గూడు ఉండేది. గూటి పైన మసి నాలుకలాగా పైకి పాకి, కింద నూనె కారి జిడ్డు చార కట్టేది. సంక్రాంతికి సున్నం కొడితే కొన్నాళ్లు తెల్లగా ఉండి, మళ్లీ అదే చోట మసి తేలేది. అలాంటి గుర్తు ఒక్కటి గోడ మీద వేస్తే చాలు, ఆ ఇంట్లో ఎవరో ఉంటున్నారని నమ్ముతాం. దానికి కార్డు మీద పెద్ద భారం కూడా ఉండదు, అదొక బొమ్మేగా.

మార్కాపురం పలక:
నేను రెండు పక్షాలతోనూ కలవను. పాతకాలం పల్లె ఇల్లు చీకటిగానే ఉండాలి. మా నాయనమ్మ ఆముదం దీపం కూడా పొదుపుగా వాడేది. పొద్దుగూకేలోపే అన్నాలు తిని, దీపం తగ్గించి పడుకునేవాళ్లు. మీరడిగినట్టు ఎక్కడపడితే అక్కడ ఊరికే దీపాలు పెట్టుకోనిస్తే రాత్రికి అర్థమే ఉండదు. దీపాలు ఇవ్వండి, కానీ నూనె ఖర్చవ్వాలి. గింజలు పండించాలి, గానుగ ఆడించాలి. పంట పోయిన ఏడు ఊరు చీకట్లో ఉండాలి.

పెన్నాగట్టు:
నూనె మాట నాకు బాగా నచ్చిందక్కా, నేను రాసి పంపే కోరికలో అది చేరుస్తున్నా. రాత్రి చీకటిగా ఉండనీ. కిటికీ ఉన్న గదిలో పగటి చీకటి మాత్రం ఒప్పుకోను. పగటి వెలుతురు, కిటికీ చోటు, నూనె దీపం, పనిని బట్టి సామాను, నీడలు తీసేసే మీట, ఇవన్నీ ఒకే కోరికగా పంపుతున్నా. కనిగిరి తమ్ముడూ, నీ పేరు కూడా పెట్టమంటావా?

కనిగిరి కుర్రాడు:
ఆ మీట మొదటి రోజే వస్తుందంటే మీ కోరికకి అడ్డు చెప్పనన్నా. నా ఓటు మాత్రం బావి దగ్గరి బగ్‌కే.