రాగి కేకులో చక్కెర బదులు బెల్లం వేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అనంతపురం_అమ్మ:
వచ్చే ఆదివారం బాబు పుట్టినరోజు. మామయ్యకు షుగర్ ఉంది కాబట్టి అందరూ తినేలా బెల్లంతో రాగి కేకు చేద్దామనుకున్నాను. నిన్న ఒకసారి చేసి చూశాను. మాకు ఓవెన్ లేదు, కుక్కర్‌లో ఉప్పు పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి చేస్తాను. కప్పు చక్కెరకు కప్పు బెల్లం పొడి వేశాను. అంచులు నల్లబడ్డాయి, మధ్యలో కుంగిపోయింది, కొంచెం ఉప్పగా కూడా అనిపించింది. తప్పెక్కడ జరిగింది?

కర్నూలు_బేకర్:
అక్కా, మూడు సంగతులున్నాయి. చక్కెర పలుకులు వెన్నలో గిలక్కొట్టినప్పుడు గాలిని పట్టి ఉంచుతాయి. బెల్లంలో తేమ ఉంటుంది, అది ఆ పని చేయదు, అందుకే కేకు బరువెక్కుతుంది. రెండోది, బెల్లం చక్కెర కన్నా తొందరగా మాడుతుంది. మంట బాగా సిమ్‌లో పెట్టి పది నిమిషాలు ఎక్కువ ఉంచండి. మూడోది, కప్పుతో కాకుండా తూకంతో కొలవండి. పొడి బెల్లం, తురిమిన బెల్లం, అచ్చు బెల్లం ఒకే కప్పులో ఒకే బరువు తూగవు.

నేను చేసేది ఇది: రాగిపిండి 100 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, బెల్లం 150 గ్రాములు. బెల్లాన్ని అరకప్పు నీళ్లలో కరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లారనివ్వాలి. వడకడితే ఇసుక, చెరకు పీచు ఎంత వస్తాయో మీరే చూస్తారు. అరకప్పు పెరుగు, కప్పులో మూడో వంతు నూనె, టీస్పూను బేకింగ్ పౌడర్, అర టీస్పూను వంట సోడా. పెరుగు, బెల్లం పులుపుతో సోడా పొంగుతుంది కాబట్టి కలిపిన వెంటనే కుక్కర్‌లో పెట్టేయాలి. ఉప్పదనం మాత్రం బెల్లాన్ని బట్టి ఉంటుంది. కొనేముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి.

కడప_కోడలు:
బెల్లం రంగు కూడా చూడండి. నిగనిగలాడే పసుపు బెల్లం చూసి నేనూ చాలాకాలం మంచిదనుకున్నాను. ఆ రంగు కోసం తయారీలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. మా అత్త ముదురు గోధుమ రంగుదే తెమ్మంటుంది, అత్తిరసాలకు ఉండపాకం దానితోనే కుదురుతుందని ఆమె లెక్క. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. ఓళిగల పూర్ణానికి ఇంత పట్టింపు అక్కర్లేదు.

పాయసం చేసేవాళ్లకు ఒక మాట. మరిగే పాలల్లో బెల్లం వేస్తే విరిగిపోతాయి. పొయ్యి ఆపి, పాయసం గోరువెచ్చగా అయ్యాక కరిగించిన బెల్లం కలపండి. నేను మొదటి ఉగాదికి రెండు లీటర్ల పాలు విరగ్గొట్టి ఏడ్చాను.

నాన్నకోసం:
కేకు సంగతి సరే అక్కా, మీ మామయ్య గురించి చెప్పాలి. మా నాన్న చక్కెర మానేసి బెల్లం కాఫీ మొదలుపెట్టారు. బెల్లమే కదా అని రోజుకు నాలుగు కప్పులు తాగారు. మూడు నెలల పరీక్షలో షుగర్ బాగా పెరిగింది. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. తేనె, తాటిబెల్లం, ఖర్జూరం కూడా రక్తంలో షుగర్ పెంచేవే. ఆయనకు చిన్న ముక్క పెట్టండి, ఆ పూట అన్నం తగ్గించండి, డాక్టర్‌ను కూడా అడగండి. దయచేసి ఈ ఒక్కటి తేలిగ్గా తీసుకోవద్దు.

కర్నూలు_బేకర్:
నూటికి నూరుపాళ్లు నిజం. స్టీవియా ఆకుల తీపి షుగర్ పెంచదు, కానీ కేకుకు ఒళ్లు ఇవ్వదు, రంగు రాదు, పాకం అసలే రాదు. టీలో బాగుంటుంది. కేకులో అదొక్కటే వేస్తే నాకైతే చివర చేదు తగిలింది.

నల్లమల_దగ్గర:
మాకు చెంచులు తీసే అడవి తేనె దొరుకుతుంది. కేకులో కప్పు చక్కెరకు ముప్పావు కప్పు తేనె చాలు, తీపి ఎక్కువ. అందులో నీరుంటుంది కాబట్టి పాలు మూడు, నాలుగు స్పూన్లు తగ్గించాలి. పుట్టినరోజుకు ఏడాది నిండని పసిపిల్లలు వస్తే తేనె కేకు వాళ్లకు అస్సలు పెట్టకండి. తేనెలోని ఒక రకం బ్యాక్టీరియా వాళ్లకు ప్రాణం మీదకు తెస్తుంది. వేడి చేసినా దాని బీజాలు చావవు.

చెనక్కాయల_ఊరు:
అనంతపురంలోనే ఖర్జూరం తోటలున్నాయి కదా. గింజ తీసిన ఎండు ఖర్జూరాలు 150 గ్రాములు వేడి నీళ్లలో గంట నానబెట్టి మెత్తగా రుబ్బి వేస్తాను. కేకు రెండు రోజులు ఎండిపోదు. వేయించిన చెనక్కాయల పలుకులు పైన చల్లితే పిల్లలు వదలరు. చిక్కీకి మాత్రం ఇది పనికిరాదు, దానికి బెల్లం ముదురు పాకమే.

అనంతపురం_అమ్మ:
అందరికీ దండాలు. ఇవాళ కర్నూలు తమ్ముడి కొలతలతో మళ్లీ చేశాను. బెల్లం 130 గ్రాములకు తగ్గించి, నాలుగు ఖర్జూరాలు రుబ్బి కలిపాను. సిమ్‌లో 50 నిమిషాలు పట్టింది. అంచు మాడలేదు, మధ్యలో పుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది. మామయ్యకు రెండు వేళ్ల మందం ముక్క పెట్టి సంగటి సగం తగ్గించాను. ఇంకొంచెం అడిగారు. ఆదివారం ఇస్తానని డబ్బా మూసేశాను.