కురుసుర చూపించి, ఘాజీ కథ పిల్లలకి సగమే చెప్పాలా?

విజయనగరం నాన్న:
పోయిన ఆదివారం ఇంటిల్లిపాదీ పొద్దున్నే రైలెక్కి వైజాగ్ వెళ్లాం. వన్‌టౌన్ కొండ మీద వెంకటేశ్వరస్వామిని చూసుకుని, అక్కణ్ణించే హార్బర్‌లోకి వచ్చే పడవలు చూసి, మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో కురుసుర ఎక్కాం. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన సబ్‌మెరైన్. పొడుగు 91 మీటర్లున్నా లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదగాల్సిందే. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంత. ముందు కాలు పెట్టి, తల వంచి, తర్వాత ఒళ్లు జరపాలి. అమ్మ మోకాళ్ల నొప్పులతో బయటే కూర్చుంది. టార్పెడోల పక్కనే పడకలు చూసి మా పాప, "ఇక్కడే పడుకునేవాళ్లా నాన్నా?" అని చాలాసేపు కదల్లేదు.

బయటికొచ్చాక 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర ఘాజీ అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ కథ చెప్పాను. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు, డిసెంబర్ మొదట్లో, విమానాల్ని మోసే మన పెద్ద యుద్ధనౌక విక్రాంత్‌ని ముంచడానికి ఘాజీ వచ్చిందని, మనవాళ్లు విక్రాంత్‌ని ముందే అండమాన్ వైపు పంపేశారని, ఘాజీ మన తీరంలోనే మునిగిపోయిందని. చిన్నోడు చప్పట్లు కొట్టాడు. పాప మాత్రం, "లోపల ఉన్నవాళ్లు?" అంది. 90 మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదన్నాను. "వాళ్లకీ అలాంటి పడకలేనా?" అంది. మా బావమరిది అందుకుని, "శత్రువులమ్మా, వాళ్ల సంగతి మనకెందుకు" అని ఆపేశాడు.

అది తప్పనిపించింది నాకు. పిల్ల అడిగిందానికి జవాబు చెప్పాలి. ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద కూడా రెండు మాటలున్నాయి. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక వేసిన డెప్త్ చార్జీలతో (నీటి లోతులో పేలే బాంబులు) అని మన నేవీ అంటుంది. దానిలోనే పేలుడు జరిగిందనో, సొంత మైనే (నీళ్లలో పెట్టే బాంబు) పేలిందనో పాకిస్తాన్ అంటుంది. పదేళ్ల పిల్లకి ఇది చెబితే ఏం పోతుంది?

గాజువాక బాబాయ్:
పోతుంది బాబూ. నాకప్పుడు ఏడేళ్లు. ఊరంతా దీపాలార్పేసి కూర్చున్నాం. ఆ రాత్రి పేలుడుకి మా కిటికీ రెక్కలు గడగడలాడితే అమ్మ నన్ను మంచం కిందకి లాగేసింది. వాళ్లొచ్చింది మన హార్బర్ నోట్లో మైన్లు పెట్టడానికి. ముందు మనల్ని కాపాడినవాళ్ల మీద గౌరవం కలగనివ్వండి. రెండు మాటలున్నాయని ఇప్పుడే చెబితే ఏదీ నమ్మని పిల్లలవుతారు.

భీమిలి టీచరు:
ఏటా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తాను. నా అనుభవంలో ఐదో క్లాసు పిల్లలు తట్టుకుంటారు, ఒకటో క్లాసు వాళ్లు రాత్రి ఉలిక్కిపడతారు. నేవీ డే ఘాజీ కోసమే అనుకునేవాళ్లు మా స్కూల్లో సగం మంది. నేవీ డే, అంటే డిసెంబర్ 4, అదే యుద్ధంలో పాకిస్తాన్‌లోని కరాచీ హార్బర్ మీద మనవాళ్లు చేసిన దాడికి గుర్తు. ఆ ముక్క చెప్పకుండా పిల్లలకి ఫొటోలు తీసి తీసుకొచ్చేస్తున్నారు. ఇంకో మాట, వైజాగ్ అంటే యుద్ధం ఒక్కటే కాదు. స్వతంత్రం వచ్చాక దేశంలో కట్టిన మొదటి పెద్ద ఓడ 'జల ఉష' 1948లో ఇక్కడే నీళ్లలోకి దిగింది. అది చెప్పే తల్లిదండ్రులు నాకు ఇంతవరకు తగల్లేదు.

నేవీ క్వార్టర్స్ అక్క:
మావారు సబ్‌మెరైనర్. సెయిలింగ్‌కి వెళ్తే ఏ సముద్రంలో ఉన్నారో కూడా మాకు తెలీదు. 2013లో ముంబైలో సింధురక్షక్ సబ్‌మెరైన్ పేలి మన 18 మంది పోయిన వారం ఈయన సరిగా అన్నం తినలేదు. ఘాజీ పేరెత్తినా గొంతు తగ్గించే మాట్లాడతారు, బాబాయ్ గారూ. గౌరవం లేకనా? లోపలి నుంచి తలుపు తీసుకుని రాలేనివాళ్లు ఎలా ఉంటారో ఆయనకి తెలుసు. మీ పాప అడిగింది సరైన ప్రశ్న, తమ్ముడూ.

విజయనగరం నాన్న:
థాంక్స్ అక్కా. బాబాయ్, మనవాళ్లని తక్కువ చేయమనడం లేదు. తిరుగు రైల్లో పాపకి రెండు మాటలూ చెప్పేశాను. "నాన్నా, అది ఇంకా అక్కడే ఉందా?" అంది. ఉందమ్మా, అడుగున అన్నాను. కొత్తవలస దాటేదాకా మాట్లాడలేదు.

గాజువాక బాబాయ్:
నా మాట మీదే ఉన్నాను. అయినా మీ పాపని ఓసారి తీసుకురండి, ఆ రాత్రి సంగతి నేను చెబుతాను. సోమవారం రావద్దు, కురుసురకి సెలవు.