దివిసీమలోని 'దివి'కి అర్థం ఏమిటి?

'దివిసీమ' అన్న పేరులోని 'దివి' స్వర్గవాచకమనీ, పచ్చని ఆ నేలను చూసి పూర్వులు అలా పిలుచుకున్నారనీ ఒక మిత్రులు వ్యాఖ్యానించారు. ఊహ అందంగానే ఉంది. అయితే ఆ పేరు నీటివల్ల వచ్చిందని, అంటే 'ద్వీపం' నుంచి పుట్టిందని నా దృఢాభిప్రాయం.

ముందు నేల సంగతి చూద్దాం. కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ, బంగాళాఖాతం దాకా పరుచుకున్న మేట నేలలోనే అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక ప్రాంతాలున్నాయి. అక్కడి పొలాలకు కాలువ నీరు అందించాలంటే కాలువనే నది పాయ మీదుగా దాటించవలసి వచ్చింది. పులిగడ్డ అక్విడక్టు చేస్తున్న పని అదే. సంస్కృతంలో 'ద్వి', 'అప్' (నీరు) కలిసి 'ద్వీప' శబ్దం ఏర్పడుతుంది. 'ద్వ్యంతరుపసర్గేభ్యోఽప ఈత్' అన్న పాణిని సూత్రం ప్రకారం 'అప్'లోని అకారం ఈకారమవుతుంది. 'అంతరీపం', 'సమీపం' కూడా ఈ సూత్రంతో సిద్ధించినవే. ఇరుపక్కలా నీరున్నదని చెప్పే ఈ వ్యుత్పత్తి, నడిసముద్రపు దీవులకన్నా రెండు పాయల నడుమ ఉన్న ఈ సీమకే ఎక్కువగా అతుకుతుందని నాకు అనిపిస్తుంది.

'ద్వీప' ప్రాకృతంలో 'దీవ' అయింది, తెలుగులో 'దీవి', తమిళంలో 'తీవు' అయ్యాయి. మరి 'దివి'లో దీర్ఘం ఏమైందని అడగవచ్చు. దానికి సమాధానం అదే సీమలో దొరుకుతుంది: కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు హంసలదీవి. ఒకే నేల మీద ఒక పేరులో దీర్ఘం నిలిచింది, మరొక పేరులో హ్రస్వమైంది. 1973లో లక్షద్వీప్ అని పేరు మారేవరకు ఆ కేంద్రపాలిత ప్రాంతపు అధికారనామంలో ఉన్న 'అమిన్‌దివి'లోనూ హ్రస్వమే కనిపిస్తుంది. స్వర్గార్థంలో మనం వాడే 'దివి' వేరు. అది 'దివ్' శబ్దపు సప్తమీ రూపం, 'స్వర్గమునందు' అని దాని మూలార్థం.

పాలనా చరిత్రలోనూ ఈ సీమ చాలాకాలం 'దివి'గానే నడిచింది. 13వ శతాబ్ది ఆరంభంలో కాకతి గణపతిదేవుడు దివిని జయించి, అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను వివాహమాడాడు. 'నృత్తరత్నావళి' అనే నాట్యగ్రంథం రాసిన జాయప సేనాని వారి సోదరుడే. ఇంగ్లీషువారి కాలంలో, 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లాను ఏర్పరచాక, దివి అందులో ఒక తాలూకా అయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాక ఆ తాలూకా పేరు పోయింది. జనం నోట మాత్రం దివిసీమ నిలిచింది, 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను తలచుకునేటప్పుడు ఈనాటికీ ఆ పేరుతోనే తలచుకుంటారు.

'లంక'ను దీవికి పర్యాయపదంగా వాడటం గురించి ఒక్క మాట. నది ఒండ్రు మేట వేసి నిలబెట్టిన నేల లంక. వరదకు ఒకవైపు కోసుకుపోతూ మరోవైపు పెరగడం దాని స్వభావం. అలాంటి లంకలను తనలో ఇముడ్చుకున్న విశాలమైన సీమ దివి. అందుకే దివిసీమలో నాగాయలంక ఉండగలదు.

ఇంతకీ 'దీవిసీమ' అని దిద్దుకోవాలా అంటే, అవసరం లేదు. ఎనిమిది వందల ఏళ్లకు పైగా వాడుకలో ఉన్న ఆ హ్రస్వం తప్పు కాదు.