“మునిగింది” అంటే అడుగుకు పోయిందనేనా?

క్రీ.పూ. 433లో గ్రీసు పడమటి తీరాన సిబోటా దగ్గర కొరింత్, కొర్కైరా అనే గ్రీకు నగరరాజ్యాల నౌకాదళాలు తలపడ్డాయి. ఆ యుద్ధం గురించి ఆ కాలపు గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాసిన ఒక వాక్యం దగ్గర నా అనువాదం ఆగిపోయింది. కొరింత్ వాళ్లు తాము “ముంచిన” ఓడలను లాక్కుపోవడానికి ఆగకుండా మనుషుల మీద పడి చంపారట. అడుగుకు పోయిన ఓడను లాక్కుపోవడమేమిటి?

అక్కడి గ్రీకు క్రియ కతద్యూఓ. దాన్ని అడుగుకు పంపడం అని అనువదించినందువల్లే, పురాతన నౌకాయుద్ధమంటే ఓడలు బుడుంగున మాయమయ్యే దృశ్యం మన మనసులో పడిపోయింది. కానీ ట్రైరీములనే మూడు వరసల తెడ్ల ఆ యుద్ధనౌకలు తేలిక కొయ్యవి, అడుగున బరువు వేసేవారు కాదు. లోపలి బరువులో పెద్ద భాగం 170 మంది తెడ్డు వేసేవాళ్లు, ఇంకో 30 మంది. శత్రువు తన ఓడ ముందు భాగాన ఉన్న కంచు ముక్కుతో పొడిస్తే ఓడ నీళ్లు నిండి ఒరిగిపోయేది, మనుషులు దూకేసేవారు, కొయ్య మాత్రం అంచుల దాకా నీళ్లలో తేలుతూ ఉండేది. మధ్యధరా సముద్రంలో సరుకు ఓడలు ఎన్నో దొరికాయి. జాడీల బరువే వాటిని అడుగున పట్టి ఉంచింది. ట్రైరీము శకలం మాత్రం ఒక్కటీ దొరకలేదు.

ఇక మన మాటకొద్దాం. వరదకు పొలం మునిగింది అంటాం. పొలం ఎక్కడికీ పోలేదు, నీళ్లే పైకొచ్చాయి! “క్రుంకు” ఇంకా దగ్గర. పొద్దు క్రుంకుతుంది, నదిలో క్రుంకులిడతాం. గ్రీకువాళ్లూ కతద్యూఓను పొద్దు వాలడానికి వాడారు. ఇంత చక్కని మాటలు చేతిలో ఉంచుకుని “అడుగుకు చేరింది” అని రాయడం నాకు బాధగా ఉంది. మీరేమంటారు?

— మాస్టారూ, సిసిలీ పక్కన ఎగాడీ దీవుల దగ్గర సముద్రం అడుగున కంచు ముక్కులు 20కి పైగా దొరికాయి కదా? రోమ్, కార్తేజ్ యుద్ధం నాటివి, క్రీ.పూ. 241. మరి అవి?

— మంచి ప్రశ్నండీ. కంచు విడిపడితే నేరుగా అడుక్కే పోతుంది, కొయ్య పుచ్చిపోయినా అది మిగులుతుంది. అయినా ఆ ఓడల్లో ఒక్కటీ అడుగుకు పోలేదని నేననను. నా మాట సిబోటా వాక్యం వరకే.

— అయితే “క్రుంకిన ఓడలు” అని రాస్తారా?

— చదివేవాళ్లు తడబడతారేమో. “మునిగిన ఓడలు” అనే ఉంచి, పక్కన “నీళ్లు నిండి తేలుతున్నవి” అని ఒక్క ముక్క కలుపుతున్నాను.