మత్తు దిగాక గుర్రాన్ని తాళ్లతో లేపాలా, దాని మానాన వదిలేయాలా?

నల్లగుర్రం_ఓనర్:
మా ఆరేళ్ల గుర్రానికి ముందుకాలి గిట్ట పైనున్న కీలులో చిన్న ఎముక ముక్క విరిగి ఉండిపోయింది. కెమెరా పెట్టి తీసేస్తామన్నారు. వచ్చే వారం ఆపరేషన్, పూర్తి మత్తు. బరువు 460 కిలోలు. ఆపరేషన్ గంట పనే, లేచేటప్పుడే అసలు గండం అని అందరూ అంటుంటే టెన్షన్‌గా ఉంది. తలకి, తోకకి తాళ్లు కట్టి లేపుతామని సర్జన్ గారు అన్నారు. గుర్రాన్ని చూసుకునే మా సైస్ ఏమో "వద్దు సార్, తాడు లాగితే బెదురుద్ది. చీకటి చేసి వదిలేస్తే అదే లేస్తది" అంటున్నాడు. ఇరవై ఏళ్లుగా గుర్రాల మధ్యే బతికిన మనిషి, మాట తీసిపారేయలేను. ఎవరు చెప్పింది వినాలి?

మత్తు_డాక్టర్:
సర్జన్ గారి మాట వినండి. ఆపరేషనయ్యాక కుక్క మూలకి పడుకుని ఉంటుంది. గుర్రం అలా ఉండదు, పరిగెత్తి ప్రాణం దక్కించుకునే జంతువు. కాళ్లు స్వాధీనంలోకి రాకముందే లేవాలని చూస్తుంది, తూలి పడుతుంది, మళ్లీ లేవబోతుంది. ఎముక విరిగేది అక్కడే.

2002లో వచ్చిన పెద్ద సర్వేలో మత్తిచ్చిన 41,824 కేసులు చూశారు. కడుపునొప్పి ఆపరేషన్లు పక్కన పెట్టినా నూటికి 0.9 గుర్రాలు వారంలోపు చనిపోయాయి. ఈ చావుల్లో సుమారు మూడో వంతు గుండె, రక్తప్రసరణ దెబ్బతిని. ఐదో వంతుకు పైగా ఎముకలు విరిగి. 2021 నాటి లెక్కల్లో ఆ 0.9 కాస్తా 0.6కి దిగింది. అయినా మనుషులతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ.

తాడు గుర్రాన్ని లేపడానికి కాదండీ. 460 కిలోలను ఇద్దరు లాగి నిలబెట్టగలరా? లేచేది అదే. వెనక భాగం పక్కకి ఒరిగిపోకుండా తోక తాడు, తల గోడకి కొట్టుకోకుండా తల తాడు. రెండూ గోడ రింగుల్లోంచి బయటికి వస్తాయి, పట్టుకునేవాళ్లు గది బయటే ఉంటారు.

పాత_మైదానం:
చెప్పడానికి బాగానే ఉంది డాక్టర్ గారూ, నేను కళ్లారా చూసింది వేరు. ఆసుపత్రి పేరెందుకులెండి. తోక తాడు పట్టిన కుర్రాడికి అదే మొదటిసారి. మా గుర్రం ఛాతీ మీదికి తిరిగి నెమ్మదిగా ఊపిరి తీసుకుంటోంది. ఇంకో పావుగంట అలా ఉండనిస్తే సరిపోయేది. లేస్తోందనుకుని వీడు తాడు బిగించాడు. అది ఉలిక్కిపడి లేచి మొహం గోడకి కొట్టుకుంది. కింది పెదవి చీలింది, అంతటితో పోయింది కాబట్టి సరిపోయింది.

పట్టుకుంటే ఆగుతుందనేది మన భ్రమ. 1975 జులైలో అమెరికాలో బెల్మాంట్ పార్కు రేసుల్లో రఫియన్ అనే ఆడగుర్రం సంగతి గుర్తుందా? రేసులో కుడి ముందుకాలు విరిగింది, రాత్రికి రాత్రే ఆపరేషన్ చేశారు. మత్తు దిగుతుంటే పడుకునే పరిగెత్తినట్టు కాళ్లు ఆడించి పిండికట్టు పగలగొట్టుకుంది. మనుషులు పట్టుకున్నా ఆగలేదు. చివరికి దాన్ని చంపాల్సి వచ్చింది.

మత్తు_డాక్టర్:
రఫియన్ మీ వాదనకి పనికిరాదు. రేసు వేడి చల్లారకముందే మత్తిచ్చిన ఎమర్జెన్సీ అది. ఇక్కడిది ముందే రోజు చూసుకుని చేసే ఆపరేషన్. 2006లో బార్బరో అనే రేసుగుర్రం వెనక కాలు నుజ్జయితే పెన్సిల్వేనియాలో ప్లేటు, 27 స్క్రూలు వేశారు. తెప్పలాంటి దానిలో కట్టి నీళ్ల కొలనులో మత్తు దించారు, కాలు మీద బరువు పడకుండా. బాగానే లేచింది. తర్వాత గిట్టల జబ్బుతో 2007 జనవరిలో పోయింది, అది వేరే కథ. మీ కుర్రాడు చేసింది మాత్రం తప్పే. ఆ తప్పు తాడుది కాదు.

పీజీ_పిల్ల:
అన్నా, మీరిద్దరూ తాడు దగ్గరే ఆగిపోయారు. సగం గొడవ బల్ల మీదే మొదలవుతుంది. పక్కకి పడుకోబెడితే అంత బరువూ కింది కండరాల మీదే. బీపీ సగటు 70 కంటే కిందికి పోతే వాటికి రక్తం అందదు. లేచాక కండరం చెక్కలా బిగుసుకుంటుంది, చెమటలు, కాఫీ రంగు మూత్రం. పోస్టింగులో ఒక ఆడగుర్రాన్ని చూశాను. లేవడం చక్కగా లేచింది. తీరా చూస్తే ఎడమ మోచేయి కిందికి జారింది, గిట్ట ముందుకి వేయలేక ఈడుస్తోంది. ఎముక విరిగిందనుకుని అందరికీ చెమటలు పట్టాయి. నరం నొక్కుకుపోయిందంతే, కట్టు వేస్తే రెండో రోజుకి అడుగు పడింది. కింది ముందుకాలిని ముందుకి లాగి పెట్టలేదని అప్పుడు తెలిసింది.

ఓనర్ గారూ, తాడు గురించి తర్వాత. బీపీ నిమిషనిమిషం ఎవరు చూస్తారు? పరుపు మందమెంత? తలకి వేసే పట్టీ తీసేస్తారా, లేదంటే బకిల్ నొక్కి మొహం నరం పోతుంది. ఇవి అడగండి.

పాత_మైదానం:
అసలు పూర్తి మత్తు ఎందుకమ్మా? నిలబెట్టి మగత ఇంజెక్షన్‌తో చేయరా?

పీజీ_పిల్ల:
కొన్ని చోట్ల ఆ కీలుకి అలా కూడా చేస్తున్నారు. 2021 లెక్కల్లో నిలబెట్టి చేసిన వాటిలో చావులు నూటికి 0.2 మాత్రమే. కాకపోతే చేసే చెయ్యీ కుదరాలి, గుర్రమూ కదలకుండా నిలబడాలి. కీలు లోపల కెమెరా ఉండగా కాలు విదిలిస్తే అదొక కొత్త కేసు.

నల్లగుర్రం_ఓనర్:
సర్జన్ గారికి ఫోన్ చేసి అన్నీ అడిగాను. మావాడు నిలబడి ఊరుకునే రకం కాదన్నారు, పూర్తి మత్తే. బీపీకి వేరే మనిషి ఉన్నారట. "తోక తాడు ఎవరు పడతారు?" అంటే కాసేపు లైన్లో మాట లేదు. తర్వాత "నేనే ఉంటాను, ముందు మళ్లీ మగత మందు ఇచ్చి కాసేపు పడుకోనిస్తాం" అన్నారు. సైస్‌కి చెప్తే కాస్త మెత్తబడ్డాడు. గది తలుపు దగ్గర నిలబడి పిలుస్తాడట, వాడికి తన గొంతు తెలుసట.

మత్తు_డాక్టర్:
నిలబడనివ్వండి. పిలవొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. తెలిసిన గొంతు వినపడితే తొందరపడి లేస్తుంది.