మనం ప్లేట్ అంచున లేం కదా, మరి ములుగులో భూకంపం ఎందుకొచ్చింది?

హన్మకొండ_వాసి:
2024 డిసెంబర్ 4న పొద్దున ఏడున్నరకి ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చింది కదా, అప్పుడు మా వంటింట్లో గిన్నెల స్టాండ్ గలగలా కొట్టుకుంది, ఆపేసి ఉన్న ఫ్యాన్ కూడా ఊగింది. స్కూల్లోనేమో భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా, అంటే ప్లేట్లుగా ఉంటుందని, భూకంపాలు ఆ ప్లేట్ల అంచుల్లో వస్తాయని చెప్పారు. అంచు హిమాలయాల దగ్గర కదా, ఇక్కడేంటి?

రాళ్ల_పిచ్చోడు:
అంచుల్లో ఎక్కువ, అంతే. మన ప్లేట్ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతూ యురేషియా ప్లేట్‌ని నెడుతోంది, ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగదు, ప్లేట్ లోపలికీ పాకుతుంది. ఎక్కడ పాత పగులుంటే అక్కడ రాయి ఏళ్ల తరబడి బిగబట్టుకుని ఉండి, ఇక పట్టు చాలని క్షణంలో జారుతుంది. గోదావరి లోయ అలాంటి పగుళ్ల పట్టీయే. కోట్ల ఏళ్ల కిందట నేల రెండు పక్కలకీ సాగి మధ్యలో కుంగింది, ఆ గుంతలో పూడుకుపోయిన చెట్లే ఇప్పుడు సింగరేణి బొగ్గు.

గోదారి_గట్టు:
1969లో భద్రాచలం దగ్గర కూడా వచ్చింది. కొత్తేం కాదు.

హన్మకొండ_వాసి:
అయితే మహారాష్ట్రలోని లాతూర్‌లో వచ్చినలాంటి భూకంపం మనకీ రావొచ్చా? టెన్షన్ పెట్టేశారు.

రాళ్ల_పిచ్చోడు:
రాదని ఎవరూ రాసివ్వలేరు. 1993 లాతూర్‌ది సుమారు 6.2, అంటే ములుగు కంటే ఇరవై రెట్ల పైనే శక్తి. కానీ అక్కడ ప్రాణాలు తీసింది ఎక్కువగా మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలే, అదీ తెల్లవారుజామున అందరూ నిద్రలో ఉండగా. ఫలానా తేదీన వస్తుందని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే డిలీట్ చేసేయండి. ఇల్లు కడుతుంటే మాత్రం పిల్లరూ బీమూ కలిసేచోట రింగులు దగ్గరదగ్గరగా వేయించండి, మేస్త్రీ అక్కర్లేదంటాడు, వినకండి.