హెడ్డు (ఇంజన్ పైమూత) ఫేసింగ్, అంటే అడుగు గీకి చదును, చేయించినాక బండి లాగడం లేదు, ఎవురికన్నా ఇట్టా అయ్యిందా?

చంద్రగిరి_800: పాత మారుతి 800. పోయిన్నెల తిరుమల కొండెక్కతా ఉంటే రేడియేటర్లో నీళ్ళైపొయ్యి టెంపరేచర్ సూది ఎర్ర గీతకు తగిలింది. హెడ్డు వంగిందని లేత్‌లో ఇస్తే పది తౌ (తౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) కొట్టినామన్నారు. బిగించినాక తక్కువ స్పీడులో పికప్ లేదు, రెండో గేర్లో నాకింగ్ (ఇంజన్ టకటక కొట్టుకోడం) ఒకటి. గీకిన మందం సరిపెట్టను హెడ్డు కింద ఏసే మందం గ్యాస్కెట్ యాడన్నా దొరకతాదా?

ఆటోనగర్_పాతకాపు: ఇరవై ఏండ్లుగా ఇదే పని నాకు. హెడ్డు తగ్గితే క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) కిందికి దిగతాది, వాల్వులు తెరుచుకునే టైమింగ్ వెనకబడతాది. క్యామ్‌ను తిప్పే బెల్ట్ ఒక పల్లు ముందుకు జరుపు, అంతే.

రేణిగుంట_రాజా: పది తౌకు పల్లు జరపాల్నా?? పది తౌ అంటే పావు మిల్లీ, పుల్లీ మీద అర డిగ్రీ గూడా తిరగదు. 40 పళ్ళ పుల్లీలో ఒక పల్లంటే 9 డిగ్రీలు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) లెక్కన 18! ఎన్ని వాల్వులు వంచినావు నా, ఈ ఇరవై ఏండ్లల్లో?

ఆటోనగర్_పాతకాపు: లెక్కలు కాలేజీలో చెప్పుకో తమ్ముడా. చేతికి గ్రీజు అంటితే తెలుస్తాది.

పలమనేరు_బుల్లెట్టు: మా బుల్లెట్‌కు ఈ గొడవే లేదు, క్యామ్ కింద ఉంటాది, హెడ్డు ఎంత కొట్టినా టైమింగ్ కదలదు 😎

రేణిగుంట_రాజా: కింది క్యామ్ నుంచి పైకి పొయ్యే పుష్ రాడ్ పొడుగు మిగిలిపోతాది గదా, ట్యాపెట్ (వాల్వు కాడి సందు) మళ్ళా సెట్ చెయ్యాల.

పుత్తూరు_డీజిల్: నా కడుపుమంట వినండి. డీజిల్ హెడ్డు కొట్టినోడు వాల్వు సీట్లు లోపలికి దించకుండానే ఇచ్చేసినాడు, సెల్ఫ్ కొడ్తానే పిస్టన్ పొయ్యి వాల్వుకు తగిలింది. ఎవురినడిగినా "మాది కాదు తప్పు" అనే.

మదనపల్లె_టమాటా: హెడ్డు విల్లు మాదిరి వంగినప్పుడు కింద చదును చేస్తే పైన క్యామ్ బోర్లు వంకరగానే ఉంటాయి, ఈ సంగతి ఎవురూ చెప్పరు. రాకర్లు తీసేసి ఒట్టి క్యామ్ పెట్టి చేత్తో తిప్పి చూడాల. నాది బిగుసుకునే ఉన్నింది, సర్దుకుంటాదిలే అన్నారు, నెలకే క్యామ్ విరిగింది.

పలమనేరు_బుల్లెట్టు: అసలు కొండకు ఏసీ ఏసుకోని ఎక్కితే ఇంతే. 1974లో ఎక్కే రోడ్డు వేసినప్పుడు ఏ కారుకు ఉన్నింది ఏసీ?

చంద్రగిరి_800: నాదాంట్లో ఏసీనే లేదు నా.

రేణిగుంట_రాజా: 68.5 మిల్లీల బోరు, పావు మిల్లీ పోతే సిలిండర్‌కు పైన మంట గదిలో 1 సీసీ జాగా గూడా తగ్గదు. కంప్రెషన్ కొంచెం పెరుగుతాది, దానికే పికప్ పోదు. ఇగ్నిషన్ టైమింగ్, బెల్ట్ మార్కులు చూడు ముందు.

చంద్రగిరి_800: ఇప్పుడే కవర్ విప్పి చూసినా. క్యామ్ మార్కు కరెక్టుగా ఒక పల్లు వెనకుండాది, బిగించినోడే తప్పు ఏసినాడు.

ఆటోనగర్_పాతకాపు: పల్లు ముందుకు జరపమని నేను మొదట్నే చెప్పలే?